సమన్లు అందుకున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పీణ్యాలోని నీ తుక్కు ఇనుము గోదాముకు కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ నుంచి సమన్లు వచ్చాయనీ, నీకు సరుకు అమ్మినవారి జీఎస్టీ రిజిస్ట్రేషనే బోగస్ అంటున్నారనీ అక్క ఫోనులో చెప్పింది. అమ్మకపు పన్ను రోజుల నుంచి బెంగళూరులో ఇలాంటి కేసులు చూస్తున్నవాణ్ణి కనుక, నీవు కంగారులో ఏదో ఒకటి చేయకముందే ఇది రాస్తున్నాను.

ముందు లెక్క తేల్చుకో. శిక్షకు కొలత బిల్లుల మొత్తం కాదు, వాటిపై నీవు వాడుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్, అంటే కొనుగోలు మీద కట్టిన పన్నుగా చూపి నీ పన్నులోంచి తగ్గించుకున్న సొమ్ము. అది 5 కోట్లు దాటితే నేరం నాన్‌బెయిలబుల్, శిక్ష 5 ఏళ్ల వరకు ఉంటుంది. 18 శాతం పన్నున్న తుక్కులో అంత క్రెడిట్ రావాలంటే దాదాపు 28 కోట్ల సరుకు కొనాలి. క్రెడిట్ 5 కోట్లు దాటకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఒకవేళ అధికారుల లెక్క 5 కోట్లు దాటేలా కనిపిస్తే, ఎఫ్ఐఆర్ లేకపోయినా ముందస్తు బెయిలు కోరవచ్చని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది.

సమన్లకు వెళ్లకుండా మాత్రం ఉండకు. అక్కడ నీవిచ్చే వాంగ్మూలమే రేపు కోర్టులో నీకు ఎదురు నిలుస్తుంది, ఎందుకంటే ఆ అధికారులు పోలీసులు కారు, వారి ముందు చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లుతుంది. వకీలును కనుచూపు దూరంలో, మాట వినపడనంత ఎడంగా కూర్చోబెట్టుకునేందుకు అనుమతి అడుగు. కన్నడ లిపి మనదానికి దగ్గరే కదా అని వాంగ్మూలాన్ని పైపైన చదివి సంతకం పెట్టవద్దు. ప్రతి వాక్యమూ చదివించుకుని, నీవు అననిది ఉంటే దిద్దించిన తరువాతే పెట్టు. తెలియనిదానికి ‘తెలియదు, రికార్డు చూసి చెబుతాను’ అనడంలో తప్పు లేదు.

నిన్ను కాపాడేది సరుకు నిజంగా వచ్చిందన్న రుజువు. ఒక్కొక్క బిల్లుకు ఈ-వేబిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం), కాటా చీటీ, బ్యాంకు చెల్లింపు జతచేసి, ఈ-వేబిల్లులోని లారీ నంబరూ కాటా చీటీ మీది నంబరూ ఒకటేనా, బరువు కలుస్తోందా, తేదీలు పొంతన కుదిరాయా అని నీవే స్వయంగా చూడు. దొరకని చీటీని దొరకలేదనే చెప్పు. ఎవరైనా పాత తేదీతో కొత్త చీటీ రాయించి ఇస్తానంటే గుమ్మంలోంచే పంపేయి. అప్పటిదాకా మోసపోయిన కొనుగోలుదారుగా ఉన్నవాడివి ఆ క్షణం నుంచి నిజంగానే నేరస్థుడివవుతావు.

‘ఇప్పుడే కట్టేస్తే కేసుండదు’ అనే మాటను నమ్మకు. అరెస్టు చేస్తామని బెదిరించి పన్ను కట్టించుకోకూడదని పైన చెప్పిన సుప్రీంకోర్టు తీర్పే చెబుతోంది. పైగా పన్ను, వడ్డీ, పెనాల్టీ కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు దానంతటదే పోదు. దానికి కాంపౌండింగ్ కోసం, అంటే సొమ్ము కట్టి ఆ కేసును రాజీ చేసుకునేందుకు, కమిషనర్‌కు విడిగా దరఖాస్తు చేయాలి.

షోకాజ్ నోటీసు వస్తే మీ ఆడిటరు రాసే జవాబు క్రిమినల్ వకీలు చదవకుండా బయటికి వెళ్లనీయకు, ఎందుకంటే పన్ను తగ్గించుకోవడానికి ఆ జవాబులో ఒప్పుకున్న ఒక్క వాక్యం క్రిమినల్ కేసులో జైలు దాకా తీసుకెళ్లగలదు. హాజరు తేదీకి ముందే కాగితాలన్నీ తీసుకుని నా దగ్గరికి రా, ఇద్దరం కలిసి వకీలు దగ్గర కూర్చుందాం.

మీ మామయ్య