హ్యాగర్డ్‌కీ టయర్డ్‌కీ తేడా చైనా స్టూడెంట్స్‌కి ఎలా చెప్పాలి - సమాధానం

ఇంగ్లీషులో హ్యాగర్డ్ (haggard) అంటే టయర్డే కదా అని మీ చైనా స్టూడెంట్స్ వదలట్లేదన్నారు కదండీ, అయితే వాళ్ళ భాషలోంచే మొదలెట్టండి. టయర్డ్‌కి పీబే (疲惫) అనే చైనీస్ మాట సరిపోతుంది, హ్యాగర్డ్‌కి దగ్గరది ఛియావ్‌త్స్వే (憔悴). ఇది రాసే రెండు అక్షరాల్లోనూ ఎడమపక్క మనసు గుర్తు (忄) ఉంటుంది, అది చూపిస్తే వాళ్ళకే వెలుగుతుంది, ఎందుకంటే హ్యాగర్డ్ కూడా ఒక్కపూట అలసట కాదు, దిగులో జబ్బో రోజుల తరబడి నిద్రలేకపోవడమో మొహాన్ని పీల్చేస్తే, కళ్ళు లోపలికి పోతే వాడేది. పడుకుని లేస్తే టయర్డ్ పోతుంది, ఇది అంత తేలిగ్గా పోదు.

కాకపోతే పాత చైనా కవిత్వంలో వాడిపోయిన పూలకి కూడా ఛియావ్‌త్స్వే అనేస్తారు, ఇంగ్లీషులో మాత్రం హ్యాగర్డ్ దాదాపు మనుషులకే, ముఖ్యంగా మొహానికి, అరిగిన చెప్పులకైతే వోర్న్ అవుట్ అనాలి. లుక్ పక్కన హ్యాగర్డ్ అనే పెట్టమనండి, హ్యాగర్డ్‌లీ కాదు. పలికేటప్పుడు బరువు మొదటి హ్యా మీదే.

ఇంకోటి, ఆఫీసులో షిన్‌ఖూ లె (చాలా కష్టపడ్డారు అని చైనీస్‌లో మర్యాదకి అనే మాట) అన్నంత మర్యాదగా ఉంటుందనుకుని బాస్‌తో యూ లుక్ హ్యాగర్డ్ అంటారేమో, అది మాత్రం గట్టిగా వద్దని చెప్పండి 😄