దశబంధం కాగితం ఏం చెబుతోంది?

ప్రశ్న: వాయల్పాడు దగ్గర మా ఊరి పాత ఇనాం కాగితంలో ‘కడప జిల్లా’ అని, ‘చెరువు దశబంధం’ అని రాసుంది. 2022లో అన్నమయ్య జిల్లా ఏర్పడేదాకా మాది చిత్తూరు జిల్లాయే కదండీ? దశబంధం అంటే ఏమిటి? ఇన్ని చెరువులుండీ సీమకు కరువెందుకు?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కాగితంలో తప్పేమీ లేదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడపలో ఉండేవి. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాడువి. మీ ఊరు 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాల్లోది. మీరిప్పుడుంటున్న తిరుపతి 1801లో ఆర్కాడు నవాబు చేతినుంచి అదే కంపెనీకి పోయింది.

చెరువు తవ్వించినవాళ్లకో, తెగిన కట్ట కట్టించినవాళ్లకో ఆయకట్టు శిస్తులో వాటా గానీ, అంత శిస్తు వచ్చే భూమి గానీ ఇచ్చేవాళ్లు. అదే దశబంధం. పేరుకు పదో వంతు, వాడుకలో ఊరినిబట్టి మారేది. ఈ ఇనాం, అంటే మాన్యం, అనుభవించినంతకాలం చెరువు బాగోగులు వాళ్లే చూడాలి.

ఆ పని చిన్నది కాదు. వానలకు ముందే కట్టమీది కంపచెట్లను వేళ్లతో సహా పీకాలి. ఎలుక బొక్కలు, ఎండ్రకాయ బొక్కలు మట్టి నింపి దిమ్మిస కొట్టాలి. తూము నోటికాడ పూడిక తీయాలి. చెట్టును పైపైన నరికి వదిలేస్తే వేరు కుళ్లి లోపల సొరంగం మిగులుతుంది. చెరువు నిండినరోజు నీళ్లు అందులోంచి ఊరి, మన్ను కోసుకుంటూ వచ్చి గండి పడుతుంది. నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయని మరవ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) మీద ఇసుక మూటలు పేర్చడం ఇంకా పెద్ద తప్పు. మరవ మీదుగా పోవాల్సిన వరద కట్టెక్కి దూకుతుంది. మనవి గొలుసుకట్టు చెరువులు, పైది తెగితే కిందివీ తెగుతాయి.

ఇక కరువు సంగతి. సీమలో వాన తక్కువే, కానీ ఆ ఒక్క కారణం చెప్పి ఊరుకోవడం అన్యాయం. శిస్తు నగదులో కట్టాలి, అదీ భారంగా. రైతు దగ్గరే నేరుగా శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతికి పేరుపడ్డ కలెక్టరు మన్రోనే 1807లో దత్తమండలాల శిస్తు నూటికి 25 తగ్గించమని రాశాడు. పైవాళ్లు అప్పట్లో వినలేదు. 1858 చట్టంతో కుడిమరామత్తు పేరిట కట్ట పని ఊరివాళ్ల మీద తప్పనిసరి చేశారు. ధాత సంవత్సరం, అంటే 1876లో, వానలు మొహం చాటేశాయి. అప్పటికే రేణిగుంట మీదుగా రైలుంది, ధాన్యం తేవచ్చు. అయినా ధరలు చుక్కలంటితే కూలోడు ఏం పెట్టి కొంటాడు? 1877 మొదట్లో, కరువు చూడటానికి సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ కూలికి రోజుకు పౌను ధాన్యం, అంటే దాదాపు 450 గ్రాములు, దానిపైన కాసిన్ని చిల్లర డబ్బులు ఖరారు చేశాడు. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది ఏ మూలకు? మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా ఎదురుచెప్పాడు. కొన్ని నెలలకు గానీ కూలి పెరగలేదు.

మీ ఊరి ఇనాం సంగతి తేల్చుకోవడానికి మీ కాగితం ఒక్కటీ చాలదు. ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు తీయించండి. 1858లో మొదలైన ఇనాం కమిషన్ ఊరివారీగా రాయించిన దస్త్రం అది. ఇనాం ఎందుకిచ్చారు, ఎంత భూమి, ఏ షరతు అన్నది అందులో చూడండి. చెరువు మరమ్మతు కోసమని ఉంటే అది సేవా ఇనాం. 1956 ఇనాంల రద్దు చట్టం తర్వాత ఆ భూమికి పట్టా ఎవరి పేర వచ్చిందో, సర్వే నంబర్లు కలుస్తున్నాయో లేదో ఆ నకలు పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.