పేరు ఎవరి ఖాతాలో ఉంది?

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేయాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తన దిగులు నెల జీతం గురించి. నా దిగులు వేరు. మన ఇంట్లో ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారన్న సంతోషం మాత్రం దాచుకోలేను.

డిజైను నీకు నేను నేర్పనక్కరలేదు. ముందు ఫోన్ తెరకు సరిపోయేలా చూసుకో, ఫొటోల సైజు తగ్గించు, సగం డబ్బు ముందే అడుగు. మొహమాటం మన ఇంటి జబ్బు.

డొమైన్ దగ్గర, అంటే గడువుకోసారి రుసుము కట్టి నిలుపుకోవలసిన సైటు చిరునామా దగ్గర మాత్రం నిదానించు. మంగళగిరిలో ఒక చీరల దుకాణానికి సైటు చేసిన కుర్రవాడు, పని త్వరగా తెమలాలని డొమైన్‌ను తన ఈమెయిలుతో, తన ఖాతాలోనే కొన్నాడు. దురుద్దేశమేమీ లేదు. తరువాత విదేశాలకు వెళ్లాడు, ఆ ఈమెయిలు చూడటం మానేశాడు, గడువు హెచ్చరికలన్నీ అందులోనే పడి ఉన్నాయి. డాట్ కామ్ పేరు గడువు దాటిన మరునాడే పోదు. సాధారణంగా కొన్నాళ్లు మామూలు రుసుముతోనే పొడిగించుకోవచ్చు, రిజిస్ట్రార్ (పేరు నమోదు చేసిన సంస్థ) తొలగించాక కూడా 30 రోజులపాటు అదనపు రుసుము కట్టి విడిపించుకోవచ్చు, అదీ దాటితే మరో 5 రోజులకు అది ఎవరైనా కొనుక్కునేలా విడుదలవుతుంది. ఇంత వ్యవధి ఉన్నా, ఖాతా తమది కాకపోవడంతో దుకాణం వాళ్లు చేయగలిగింది లేకపోయింది. సైటు ఆగింది, ఆ పేరుతోనే నడిచే ఈమెయిళ్లూ ఆగాయి. నా దగ్గరకు వచ్చేసరికి పేరు పరాయివాళ్ల చేతిలో ఉంది. సంచుల మీద, బోర్డు మీద అదే చిరునామా అచ్చయి ఉంది. "మా నాన్న పేరండీ అది, మాది కాకుండా ఎలా పోతుంది?" అని ఆ పెద్దాయన అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.

అందుకని డొమైన్, హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే అద్దె చోటు) రెండూ యజమాని ఈమెయిలుతో, యజమాని కార్డుతో, ఆయన పక్కన కూర్చుని కొనిపించు. పాస్‌వర్డులు ఆయన చేతే కాగితం మీద రాయించు. ఏటా కట్టవలసిన ఖర్చులను నీ కూలిలో కలపకుండా విడిగా చూపించు. "అవన్నీ నువ్వే చూసుకో తల్లీ" అంటారు. ఆ మాటకు కరిగిపోయావో, నీకు జ్వరం వచ్చిన రోజున పది దుకాణాలు నీ కోసం ఎదురుచూస్తాయి.

తెలుగు విషయం ఒకటి. ప్రెస్సువాళ్లు 'అను' అనే పాత పద్ధతి ఫాంట్లలో ఇచ్చిన మేటరును నేరుగా అతికిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఫోన్లూ కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లోకి మార్చి, మార్చాక తప్పకుండా చదువు. ఇంగ్లీషుకు పెట్టే వరుసల ఎడం మనకు చాలదు, ఒత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. అక్షరం సైజుకు 1.6 రెట్లయినా ఉంచు. ఫోన్ నంబరును బొమ్మలో పెట్టకు, నొక్కితే కాల్ వెళ్లాలి.

వేళకు తిను. మొదటి సైటు సిద్ధం కాగానే లింకు పంపితే, నా పాత ఫోన్‌లో తెరిచి ఏ ఒత్తు ఎక్కడ తెగిందో చెబుతాను.

మీ మామయ్య