షేవింగ్ సబ్బు చిన్నది కొనాలా, పెద్దదా? ముందు మూత చూడండి

"షేవింగ్ సబ్బో క్రీమో కొనేటప్పుడు చిన్న ప్యాకింగ్ లాభమా, పెద్దది లాభమా? ట్యూబు, డబ్బా, కప్పు, వీటిలో ఏది మేలు?" అని అడిగారు.

గ్రాము లెక్క తర్వాత చెప్తాను. నన్నడిగితే ముందు చూడాల్సింది బరువు కాదు, మూత. ఆ మూత తీసేది ఎవరు, వాళ్లకి రెండు చేతులూ ఆడుతున్నాయా లేదా అన్నది చూడాలి. నాకూ ఈ సంగతి మూడేళ్ల క్రితం వరకు తట్టలేదు. మా నాన్న వల్ల తెలిసింది.

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉన్నా మా ఇంట్లో, మా వీధిలో మాటంతా తెలుగే. సరుకులకి సగం ఇక్కడి బజారు, సగం పక్కనే ఆంధ్రా వైపున్న పాతపట్నం. నాన్న రైసు మిల్లులో గుమాస్తాగా చేసి మానేశారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన గడ్డం గీసుకునేది పెరట్లో నూతి గట్టు దగ్గరే. గోడకి మేకు, మేకుకి అద్దం, గట్టు మీద పటిక ముక్క, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో సబ్బు బిళ్ల. బిళ్ల అరిగి అరిగి అప్పడంలా అయ్యాక దాన్ని తడిపి కొత్త బిళ్ల వెనక అంటించేవారు. ఒక్క చెక్క కూడా పారేయడం నేను చూడలేదు.

ఆ డబ్బాకి మూత తప్పకుండా పెట్టేవారు, కాకుల వల్ల. పెరట్లో సబ్బు మూత లేకుండా వదిలేస్తే కాకి ఎత్తుకుపోతుంది, మా వైపు అందరికీ అనుభవమే. అయితే మూత పూర్తిగా నొక్కేవారు కాదు, కాస్త వంకరగా ఆనించేవారు. వానాకాలంలో తడి సబ్బు మీద మూత బిగిస్తే నాలుగు రోజుల్లో జిగురు తేలి ముక్క వాసన కొడుతుంది. గాలి తగలాలి, కాకికి దొరక్కూడదు. ఆ రెండూ చూసి పెట్టిన మూత అది. ఒక్క వేలితో తోస్తే పక్కకి జరిగేది.

2022 డిసెంబరులో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు. బరంపురం ఆసుపత్రిలో పన్నెండు రోజులున్నాం. మాట త్వరగానే తిరిగొచ్చింది గానీ కుడి చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చాక ఆదివారం ఆదివారం సెలూన్ అన్న వచ్చి గీసి వెళ్లేవాడు. ఎంతో నెమ్మదిగా, ప్రేమగా చేసేవాడు. అయినా నాన్న ఆ పావుగంటా కళ్లు గట్టిగా మూసుకుని, ఎడం చేత్తో కుర్చీ కోడు పట్టుకుని కూర్చునేవారు. మూడు నెలలయ్యాక ఒక పొద్దున్న, "ఒరేయ్, ఎడం చెయ్యి బాగానే ఉంది కదా. నా గడ్డం నేనే గీసుకుంటాను" అన్నారు. ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయి కూడా మంచిదే, చెయ్యనివ్వండి అన్నాడు.

నాకెంత సంతోషమేసిందో. వెంటనే బజారుకెళ్లి కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద ట్యూబు తెచ్చాను. 125 గ్రాములు, అందులో 25 ఉచితమని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రెండు బ్లేళ్ల ప్లాస్టిక్ రేజరు, కొత్త బ్రష్షు, కొత్త అద్దం కూడా తెచ్చాను. వీధి అరుగు మీద కుర్చీ వేసి, ముందు స్టూలు పెట్టి, అన్నీ అమర్చాను. "నువ్వు పక్కకెళ్లు" అన్నారు. నేను గుమ్మం లోపలికి వెళ్లి నిలబడ్డాను.

ట్యూబుతో రెండు చేతులకి పని ఉంటుంది. ఒక చెయ్యి నొక్కాలి, ఇంకో చెయ్యి బ్రష్షు పట్టుకోవాలి. మామూలుగా మనకిది గుర్తే రాదు. నాన్న బ్రష్షుని రెండు మోకాళ్ల మధ్య కుచ్చు పైకి ఉండేలా ఇరికించుకున్నారు. ఎడం చేత్తో ట్యూబు పట్టుకుని బొటనవేలితో మూత పైకి తోశారు. కొత్త ట్యూబు, మూత రాలేదు. పంటితో లాగారు. వచ్చింది. నిండు ట్యూబు కదా, నొక్కగానే జానెడు క్రీము ఒక్కసారిగా బయటికొచ్చి బ్రష్షు మీద సగం, లుంగీ మీద సగం పడింది. లుంగీ మీద పడినదాన్ని బ్రష్షుతో ఎత్తబోతే మోకాళ్లు సడలి బ్రష్షు కింద పడి అరుగు మీద దొర్లింది. దానికంటుకున్న మట్టి చూసుకుంటూ కాసేపు అలాగే ఉండిపోయారు. నేను వెళ్లేసరికి ట్యూబుని స్టూలు మీద పెట్టేశారు. "వద్దులేరా. ఉండనీ" అన్నారు. మళ్లీ నెల రోజులు ఆ మాట ఎత్తలేదు.

ఆ నెలలో నేను చూసిన ప్రతి డబ్బా మీదా నాకు కోపమొచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి తాతయ్య కోసం ఆన్‌లైన్లో ఖరీదైన సబ్బు పంపాడు. అట్టపెట్టె, దానిలో ఇంకో అట్టపెట్టె, దానిలో కాగితం ముక్కల మధ్య గాజు సీసా, నల్లటి మర మూత. చూడ్డానికి కుంకుమ భరిణెలా ముచ్చటగా ఉంది. కానీ మర మూతకి ఒక చెయ్యి సీసా పట్టుకోవాలి, ఇంకో చెయ్యి తిప్పాలి. నాన్న ఎడం చేత్తో తిప్పితే మూతతో పాటు సీసా కూడా స్టూలు మీద తిరిగింది. తడి చేత్తో గాజు ఎలా జారుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. ఆ పెట్టె మీద బంగారు రంగులో పేరు వేశారు, బరువు మాత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తెలుగు లేదు, ఒడియా లేదు. నాన్నకి తెలుగు తప్ప చదవడం రాదు. ఆయన వయసు వాళ్లు కొనుక్కునే వస్తువు మీద ఆయన చదవగలిగిన ముక్క ఒక్కటీ ఉండదు. ఇది నాకు ఎప్పటికీ బాధే.

నురగ డబ్బా, అదే వేలితో నొక్కితే నురగొచ్చే రేకు డబ్బా వాడొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నేనూ తెచ్చాను. నొక్కడం తేలికే. కానీ నొక్కిన నురగ అరచేతిలో పట్టాలి, నొక్కే చెయ్యీ పట్టే చెయ్యీ ఒకటే అయితే ఎక్కడ పడుతుంది? పళ్లెంలో పట్టుకుని రాసుకోవచ్చు, పట్టారు కూడా. "ఇది గాలిరా, సబ్బు కాదు" అని రెండో రోజే పక్కన పెట్టేశారు. నాకూ ఆయన మాటే నిజమనిపించింది. బ్రష్షుతో రుద్దితే వెంట్రుక నానుతుంది, లేస్తుంది. పక్షవాతం తర్వాత రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లకి చిన్న గాటు పడినా నెత్తురు తొందరగా ఆగదు. వాళ్లకి గడ్డం బాగా నానడం షోకు కోసం కాదు.

అప్పుడు గుర్తొచ్చింది నూతి గట్టు మీది బిళ్ల. బిళ్లయితే బ్రష్షు ఒక్కటి పట్టుకుంటే చాలు, సబ్బు దాని చోట అది ఉంటుంది. పర్లాకిమిడి బజారంతా తిరిగాను. "బిళ్ల ఇప్పుడెవరు అడుగుతున్నారు బాబూ, అందరూ ట్యూబే" అన్నారు. కొట్టు గోడ నిండా దండల్లా వేలాడుతున్న చిన్న పాకెట్లు, 30 గ్రాముల ట్యూబులు. చివరికి పాతపట్నంలో సెలూన్లకి సామాను అమ్మే ముసలాయన అటక మీద నుంచి కాగితం చుట్టిన బిళ్లలు మూడు దించి, దుమ్ము దులిపి ఇచ్చాడు. ఒక్కోటి 60 గ్రాములు. పాతవి కావడం వల్ల వాసన కాస్త తగ్గింది గానీ సబ్బుకి ఏమీ కాలేదు. గట్టి సబ్బు ఏళ్ల తరబడి నిలవుంటుంది.

బిళ్ల దొరికింది, గిన్నె కావాలి. పాత ప్లాస్టిక్ డబ్బా తేలిక, రెండో చెయ్యి పట్టుకోకపోతే బ్రష్షు తిప్పిన వైపల్లా జరిగిపోతుంది. మా ఆవిడ సామానుల గదిలోంచి మా నాయనమ్మ కంచు గిన్నె తీసుకొచ్చింది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో చేసినది. బుడితి కంచు, ఇత్తడి సామాను మా వైపు అందరికీ తెలిసిందే. మూతి వెడల్పు, అడుగు మందం, కదిలిస్తే తప్ప కదలదు. బిళ్లని కొబ్బరి కోరులా తురిమి, నాలుగు చుక్కలు వేణ్నీళ్లు చల్లి, బొటనవేలితో అడుగుకి అణిచి అణిచి పరిచాను. రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున్నకి గిన్నె బోర్లించినా ఊడలేదు.

ఆ పొద్దున్న నాన్న ఒక్కరే గీసుకున్నారు. నలభై నిమిషాలు పట్టింది. బ్రష్షు ముంచి, గిన్నెలో తిప్పి, నురగ ఎత్తి, బ్రష్షు పెట్టి, రేజరు తీసి. ప్రతి పనికీ ఒక వస్తువు పెట్టడం, ఇంకోటి తీయడం. గడ్డం కింద రూపాయి బిళ్లంత మేర అలాగే మిగిలిపోయింది. నేను చెప్పలేదు. అద్దంలో కుడి చెంప, ఎడం చెంప తిప్పి తిప్పి చూసుకుని, పటిక రాసుకుని, "కాఫీ పెట్టమను" అన్నారు.

పది రోజులయ్యాక సబ్బు అంచు చుట్టూ ఆకుపచ్చ గీత కనిపించింది. చిలుము. కంచులో రాగి ఉంటుంది కదా, సబ్బు తడికి అది పచ్చబడుతుంది. మొహానికి రాసుకునేదాంట్లో చిలుము ఉండకూడదని సబ్బంతా గీకేసి, చిన్న స్టీలు గిన్నెలో రెండో బిళ్ల పరిచాను. ఆ స్టీలు గిన్నెని కంచు గిన్నెలో దించి, మధ్య సందులో తడి గుడ్డ మెలిపెట్టి కుక్కాను. బరువు కంచుది, శుభ్రం స్టీలుది. మూతగా స్టీలు పళ్లెం. ఒక్క వేలితో పక్కకి జరుగుతుంది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఎవరైనా ఒంటి సబ్బు తురిమి ఇలాగే చేద్దామనుకుంటే వద్దు. ఒంటి సబ్బు కాస్టిక్ సోడాతో చేస్తారు. షేవింగ్ సబ్బుకి ఎక్కువగా కాస్టిక్ పొటాష్ వాడతారు, స్టియరిక్ యాసిడ్ అనే కొవ్వు పదార్థమూ అందులో ఎక్కువ. అందుకే తడిపితే అది మెత్తబడి గిన్నెకి అంటుకుంటుంది, నురగ చిక్కగా వచ్చి చెంప మీద నిలబడుతుంది. ఒంటి సబ్బు నురగ రెండు గీతలు గీసేసరికి ఆరిపోతుంది.

ఇక మీరడిగిన సైజు. బిళ్లతో రోజు విడిచి రోజు గీసుకుంటే 60 గ్రాములు నాన్నకి మూడు నాలుగు నెలలొస్తోంది. బ్రష్షు దానికి కావలసినంతే ఎత్తుకుంటుంది. ట్యూబయితే కావలసినంత కాదు, నొక్కినంత వస్తుంది. పైగా పెద్ద ట్యూబుకి మూతి కూడా పెద్దది, అందుకే పెద్దది కొన్న ఇంట్లో రోజూ ఎక్కువ ఖర్చవుతుందని నా గట్టి నమ్మకం. ప్యాకెట్ మీద గ్రాముకు ఎంతని ఈమధ్య వేస్తున్నారు గానీ, గ్రాము చవకైనంత మాత్రాన గడ్డం చవక కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి షేవింగ్ క్రీము మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. ధర తగ్గింది కదా అని మా తోడల్లుడు ఒకేసారి నాలుగు పెద్ద ట్యూబులు కొన్నాడు. తగ్గిన డబ్బుతో బిళ్లా గిన్నే కొనుక్కోమని నేను చెప్పాను.

ట్యూబే కావాలనుకుంటే 70 గ్రాముల లోపు తీసుకోండి. డబ్బా అయితే మూతి కనీసం మూడంగుళాలుండాలి, లేకపోతే బ్రష్షు కుచ్చు తిరగదు, అంచుకి రుద్దుకుని వెంట్రుకలు రాలిపోతాయి. లోతు డబ్బాలు అసలొద్దు, సగం సబ్బయ్యాక పిడి కూడా లోపలికి వెళ్తుంది. కొట్లోనే మూత ఒక చేత్తో తీసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల కోసం కొంటున్నారా, ఎడం చేత్తో తీసి చూడండి.

నాన్న మూడో బిళ్ల, ఆ తర్వాత వెతికి తెచ్చినవి కూడా గిన్నెలోకి చేరిపోయాయి. ఇప్పుడు గిన్నెలో ఉన్నది వేలు మందం. పాతపట్నం ముసలాయన కొట్టు మూసేశాడు. గుణుపురం, రాయగడ, టెక్కలి వైపు ఎవరికైనా కాగితం చుట్టిన షేవింగ్ బిళ్లలు కొట్లో కనిపిస్తే దయచేసి ఇక్కడ రాయండి. గుణుపురం రైలు మా ఊరి మీదుగానే వెళ్తుంది, నేనే వచ్చి తీసుకుంటాను. డబ్బా లేకపోయినా ఫరవాలేదు.