మత్తడి దుంకితే కట్ట తెగినట్టు కాదు

బిడ్డా,

కాలనీ వాట్సాప్ గ్రూపుకు నిన్ను అడ్మిన్ చేశారని మీ అమ్మ చెప్పింది. మామూలు రోజుల్లో ఆ పనికి ఎవరి సలహా అక్కరలేదు. ముసురు పట్టిన రాత్రి ఆ గ్రూపు ఎట్లా ఉడికిపోతుందో చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

2023 జూలై ఆఖరి వారం నీకు గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649 మిల్లీమీటర్ల వాన పడింది. అటు భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగింది. ఆ రాత్రి నా ఫోనుకు "చెరువు కట్ట తెగింది, వెంటనే ఇళ్లు ఖాళీ చేయండి" అని మెసేజ్ వచ్చింది. అందులో ఉన్నది మీ మేనత్త వాళ్ల ఊరి చెరువు పేరే. చదివీ చదవకుండానే మన ఇంటి గ్రూపులో వేశాను. ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి! మీ మేనత్త చీకట్లో వాళ్ల అత్తను డాబా ఎక్కిస్తుంటే ఆ ముసలామె మెట్ల మీద జారింది, చెయ్యి విరిగింది.

తెల్లారి చూస్తే చెరువు మత్తడి దుంకుతోంది, అంతే. నిండిన చెరువులో ఎక్కువైన నీళ్లు పోవడానికే కదా మత్తడి కట్టేది. ఒకరు "మత్తడి దుంకుతోంది" అని ఉంటారు, ఇంకొకరు "కట్టకు ప్రమాదమట" అని ఉంటారు. నా దాకా వచ్చేసరికి కట్టే తెగింది.

ఇంకో ముచ్చట విను. రెండు రోజులకు, జూలై 29న, వరంగల్‌లో పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు నిజంగానే గండి పడింది. అప్పుడు మన వాళ్లలోనే ఒకరు "ఇదీ ఫేకే" అని కొట్టిపారేశారు. చూడకుండా పంపడం ఎంత తప్పో, చూడకుండా కొట్టిపారేయడం అంతే తప్పు. అనుమానంగా ఉంటే ముందు ముసలివాళ్లను, పిల్లలను ఎత్తు మీదికి చేర్చండి. మెసేజ్ మాత్రం తేలేదాకా ఆగాలి.

తేల్చుకోవడానికి ఒక్క ఫోను చాలు. ఆ చెరువు కింద ఉన్నవాళ్లకు, లేకపోతే పంచాయతీ కార్యదర్శికి చేసి "నువ్వు కళ్లతో చూశావా, ఎవరన్నా చెప్పారా?" అని అడుగు. సగం పుకార్లు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. "మా బావమరిది కలెక్టరేట్లో చేస్తాడు" అని మొదలయ్యే వాయిస్ మెసేజ్‌ను అసలు నమ్మకు. తేదీ లేకుండా "ఇప్పుడే, ఈ రోజే" అని ఉంటే అది ఏ ఏడాదిదో అనుకో. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో పెట్టు, పాతదైతే చాలాసార్లు దొరికిపోతుంది. రెండు బాణాల గుర్తు ఉందంటే అది చాలా చేతులు మారి వచ్చిందని. అయితే అబద్ధమనీ కాదు, నిజమనీ కాదు. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ నంబరు గ్రూపు వివరాల్లో ఇప్పుడే రాసిపెట్టు. 112కు మాత్రం పుకారు అడగడానికి చేయొద్దు, ఆ లైను నీళ్లలో చిక్కుకున్నవాళ్లది.

2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నరకు ములుగులో 5.3 తీవ్రతతో భూమి కదిలింది కదా, ఆ సాయంత్రానికే "రాత్రి మళ్లీ ఫలానా టైముకు వస్తుంది" అని నాకొకటి వచ్చింది. చిన్న ప్రకంపనలు తర్వాత రావచ్చు. టైము చెప్పే విద్య మాత్రం ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

తప్పు మెసేజ్ వేసినవాళ్లను గ్రూపులో కడిగెయ్యకు. పరువు పోయిందనుకుంటే దాన్నే పట్టుకుని వాదిస్తారు. పక్కన ఫోను చేసి చెప్పు. నువ్వే తప్పు చేస్తే డిలీట్ చేసి ఊరుకోకు, చదివినవాళ్లు అప్పటికే చదివారు. "పది గంటలకు పెట్టింది తప్పు, కట్ట బాగానే ఉంది, అక్కడున్న మనిషితో మాట్లాడాను" అని టైముతో సహా రాయి. నేను ఆనాడు అట్లా రాయడానికి సిగ్గుపడి సాయంత్రం దాకా ఆగాను. ఆ లోపల అది ఇంకా ఎన్ని ఇళ్లకు పోయిందో.

కావాలని అబద్ధపు హెచ్చరిక పుట్టించి జనాన్ని భయపెడితే విపత్తు నిర్వహణ చట్టం, 2005 కింద ఏడాది జైలు దాకా ఉంది. అది గ్రూపులో ఒకసారి పెట్టు, రోజూ బెదిరించకు.

ఆదివారం వస్తున్నాను. మీ కాలనీ పైనున్న చెరువు నీళ్లు, తూములు చూసుకునే లష్కర్ నాకు ఎరుకే, ఇద్దరం పోయి కలుద్దాం. పెద్దమ్మ మక్క గారెలు చేసి ఇస్తానంది.

మీ పెద్దబాపు