రౌటర్ ఎక్కడ పెట్టాలో నువ్వే చెప్పు

చి. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. నల్లగండ్ల ఫ్లాట్‌కి శనివారం ఇంటర్నెట్ కనెక్షన్ ఇస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఏ రౌటర్ కొనమంటావని అడిగావట. కొనే సంగతి తర్వాత, ముందు ఎక్కడ పెడతావో తేల్చుకో.

ఫిట్టింగ్‌కి వచ్చే కుర్రాడికి ఆ రోజు ఇంకా నాలుగిళ్లు ఉంటాయి. వైరు లోపలికొచ్చిన చోటే, చెప్పుల స్టాండ్ పైన బిగించేసి పోతాడు. హాలు మధ్యకి దగ్గరగా, కాస్త ఎత్తులో, చుట్టూ ఖాళీ ఉన్నచోట పెట్టమను. వైరు ఎక్కువ పడుతుందని డబ్బులడిగితే ఇచ్చెయ్. ఫైబర్ లోపల ఉండేది గాజు తీగ, గోడ మూలల్లో మడత పెట్టనివ్వకు, గుండ్రంగా తిప్పమను. ఎప్పుడైనా డబ్బా మీద ‘లాస్’ (LOS) అన్నచోట ఎర్ర లైటు వెలిగితే తేడా ఫైబర్ లైన్‌లో ఉన్నట్టు. సెట్టింగులు కెలక్కుండా కంప్లైంట్ ఇవ్వు.

మీ అమ్మ రౌటర్‌ని టీవీ వెనకాల దాచమంటుంది, నాకు తెలుసు. ఒప్పుకోకు. టీవీ, ఇనప బీరువా, నిలువుటద్దం, ఏది అడ్డమొచ్చినా సిగ్నల్‌కి దెబ్బే.

అసలు చిక్కు మీ గోడలతో. మీ టవర్ మివాన్ పద్ధతిలో కట్టింది కదా, లోపలి గోడలు కూడా ఇనప చువ్వలేసిన కాంక్రీటే. వైఫై రెండు బ్యాండ్లలో వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వేగంగా ఉంటుంది కానీ అలాంటి గోడ దాటేసరికి నీరసపడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ కొంత మేలు, అయితే అపార్ట్‌మెంట్‌లో అందరి వైఫైలూ అందులోనే తోసుకుంటాయి, మైక్రోవేవ్ కూడా అక్కడే. సెట్టింగుల్లో ఆ బ్యాండ్‌కి ఛానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టుకో.

చివరి బెడ్‌రూమ్‌కి రాకపోతే చవక రిపీటర్ జోలికి పోకు. గాల్లోంచి అందుకుని మళ్లీ గాల్లోకే పంపాలి కాబట్టి స్పీడ్ సగానికి పడిపోతుంది. గోడలో టీవీ పాయింట్‌కి వేసిన పైపు ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తో అందులోంచి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించి ఆ గదిలో రెండో రౌటర్ పెట్టు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వద్దు. జాక్ కొట్టేటప్పుడు పక్కనే నిలబడి కేబుల్ లోపలి ఎనిమిది తీగలూ కొట్టాడో లేదో చూడు. నాలుగే కొట్టినా నెట్ వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ 100 ఎంబీపీఎస్ దాటదు, నువ్వు 300 ప్లాన్‌కి కట్టే డబ్బులు గంగలో పోసినట్టే. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టు, అంటే మొదటి రౌటర్ నెట్‌వర్క్‌నే అదీ పంచుతుంది. లేకపోతే వేరే నెట్‌వర్క్ అయిపోయి, ఆ గదిలోంచి ప్రింటర్ దొరక్క తల పట్టుకుంటావు.

సెట్టింగులు పెద్ద పనేం కాదు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్ ఉంటుంది, బ్రౌజర్‌లో కొట్టు. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే ఈ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ మార్చు. వైఫై సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యూపీఏ3 (WPA3) ఎంచుకో, అది లేకపోతే డబ్ల్యూపీఏ2. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ (WPS) ఆపెయ్. వైఫైకి ఫ్లాట్ నంబర్ పేరు పెట్టకు, పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబర్ అసలే వద్దు. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు కలిపి రాయి, బామ్మ కూడా కొట్టగలదు. వచ్చేపోయే వాళ్లకి గెస్ట్ నెట్‌వర్క్ వేరేగా ఇవ్వు.

కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపే మీటింగ్ తెగిపోతుంది, కాబట్టి రౌటర్‌కి చిన్న యూపీఎస్ ఒకటి పెట్టు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీలో దొరుకుతుంది. వెళ్లేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ అని ఉందో ఫోటో తీసుకో, దానికి సరిపోయేదే కొనాలి.

ఆ కుర్రాడు వెళ్లేలోగా కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రాయించుకో. ఎవరైనా రీసెట్ బటన్ నొక్కితే అవి చెరిగిపోతాయి, మళ్లీ కస్టమర్ కేర్ చుట్టూ తిరగాలి.

ఉంటాను,
మామయ్య