కరాళులకు అమ్మలున్నారా?

తమ్ముడూ,

నీ నవల చిత్తుప్రతి చదివాను. ఫోనులో చదవడం నా కళ్ల వల్ల కాక ప్రింటు తీయించుకున్నాను, అందుకే ఆలస్యం. పద్నాలుగో పేజీలో నీ వీరుడు వాగు దగ్గర నలభై మంది కరాళుల్ని, నువ్వు కల్పించిన ఆ రాక్షసజాతివాళ్లను, నరికేస్తాడు. తర్వాతి పేరాలో చెట్టు కింద కూర్చుని జొన్నరొట్టె, ఉల్లిపాయ తింటాడు. రొట్టె బాగా రాశావు. నాకే గొంతు దిగలేదు. ఆ నలభై మంది ఏం చేసి చచ్చారా అని వెనక్కి తిప్పి చూస్తే, ‘కరాళులు పుట్టుకతోనే దుర్మార్గులు’ అన్న ఒక్క వాక్యం కనిపించింది.

కోపం తెచ్చుకోకు. ఆ వాక్యం దగ్గర నీకంటే చాలా పెద్దవాడే ఇరుక్కున్నాడు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్, తన కథల్లోని రాక్షస సైన్యానికి పెట్టిన ‘ఓర్క్’ అన్న మాటను పాత ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నాడు. ఆ భాషలోని బేవుల్ఫ్ కావ్యంలో, బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కెయిన్ సంతానంగా చెప్పే దుష్టజాతుల వరుసలో ‘ఓర్క్‌నేయాస్’ అని ఉంటుంది. మాటైతే దొరికింది, పుట్టుకే తేలలేదు. ఆయన నిష్ఠగల కాథలిక్. చెడుకు దేన్నీ సృష్టించే శక్తి లేదని, ఉన్నదాన్ని వెక్కిరించి పాడుచేయడమే దానికి చేతనవునని నమ్మినవాడు. మరి ఓర్కులు ఎవరు పాడైతే వచ్చినట్టు? ఆయన పోయాక, 1977లో కొడుకు క్రిస్టఫర్ కూర్చి అచ్చువేసిన ‘సిల్మరిలియన్’లో, చెరపట్టి హింసించిన ఎల్ఫుల నుంచి, అంటే ఆయన కథల్లోని చావులేని అందమైన జాతి నుంచి, అని ఉంది. ఆ జవాబు ఆయనకే నిలవలేదు. చివరి ఏళ్ల కాగితాల్లో మనుషుల నుంచి అని ఒకచోట, మాటలు నేర్పిన జంతువులని ఇంకోచోట రాసుకున్నాడు. ఎల్ఫులో మనుషులో అయితే ఆత్మ ఉంటుంది. ఆత్మ ఉంటే మారే దారీ ఉండాలి. దారి ఉన్నవాణ్ణి గడ్డి కోసినట్టు కోయడం ఎలా? 1973లో పోయేదాకా ఆ ముడి విప్పలేకపోయాడు.

సిద్ధాంతం దగ్గర తడబడినా, కథ రాసే చెయ్యి మాత్రం అబద్ధమాడలేదు. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రెండో భాగం ‘ద టూ టవర్స్’ చివర షాగ్రాట్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్కు నాయకులు మాట్లాడుకుంటారు. యుద్ధమయ్యాక నమ్మకమైన నలుగురు కుర్రాళ్లను వెంటేసుకుని, నెత్తిన పెద్ద దొరలు లేని చోటు చూసుకుని పోదామని. పని దిగి టీకొట్టు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ గార్డుల మాటల్లా ఉంటాయి. ఆ పేజీ చదివాక వాళ్లను పుట్టు దుర్మార్గులని నమ్మడం నా వల్ల కాలేదు.

ఇంతకీ అంత అవస్థ ఎందుకు? ఆయనకు పెద్ద యుద్ధం కావాలి, చంపితే పాపం అంటని శత్రువు కావాలి. వాగు దగ్గర నీ అవసరమూ అదే. అలాంటి శత్రువుకు ముఖం వెతికేటప్పుడు చెయ్యి ఎటు పోతుందో చూడు. 1958లో ఒక సినిమా స్క్రిప్టు గురించి రాసిన ఉత్తరంలో, ఓర్కుల రూపం యూరపువాళ్ల కంటికి ఏమాత్రం నచ్చని మంగోలు ముఖాలకు వికృత రూపమని రాశాడు టోల్కీన్. ‘యూరపువాళ్ల కంటికి’ అన్న మాట ఆయనే చేర్చాడు, అంతవరకు నిజాయితీ ఉంది. అయినా ముఖం మాత్రం దూరదేశంవాళ్లదే అయింది.

ఆ కుర్చీలో మనల్నీ కూర్చోబెట్టారు. క్రీ.పూ. 400 ప్రాంతంలో పర్షియా రాజు కొలువులో క్టెసియాస్ అని ఒక గ్రీకు వైద్యుడు ఉండేవాడు. ఇండియా గడప తొక్కకుండానే ఇండియా మీద పుస్తకం రాశాడు. మన కొండల్లో కుక్కతలల మనుషులు ఉన్నారట, లెక్క కూడా కట్టాడు, 1,20,000 మంది! మొరుగుతారట, ఎదుటివాళ్ల భాష మాత్రం అర్థమవుతుందట. చంద్రగుప్తుడి కొలువుకు వచ్చిన మెగస్తనీసు కళ్లారా చూసినవాడే. ఆయనా నోరు లేక వాసనలు పీల్చి బతికేవాళ్ల గురించి, పాదాల దాకా వేలాడే చెవుల్లో పడుకునేవాళ్ల గురించి రాశాడు. రోమన్ రచయిత ప్లినీ అదంతా క్రీ.శ. 77లో తన పెద్ద గ్రంథంలోకి ఎక్కించాడు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా యూరపు పటాల అంచుల్లో ఈ బొమ్మలు తిరిగాయి.

పరాయివాళ్లను తిట్టి చేతులు దులుపుకుందామా అంటే అదీ కుదరదు. ఆ పొడుగు చెవులవాళ్లు మన భారతంలోనూ ఉన్నారు, కర్ణప్రావరణులని. సభాపర్వంలో సహదేవుడు దక్షిణాన జయించినవాళ్ల జాబితా తీసి చూడు. ఒంటికాలివాళ్లు, చెవులు కప్పుకునేవాళ్లు, ఒంటె చెవులవాళ్లు. ఆ ఒంటె చెవులవాళ్లు ఏ శ్లోకంలో ఉన్నారో అందులోనే ఆంధ్రులూ ఉన్నారు. వేదకాలపు గ్రంథం ఐతరేయ బ్రాహ్మణం ఇంకా సూటిగా చెబుతుంది. మాట వినని పెద్ద కొడుకుల్ని విశ్వామిత్రుడు ‘మీ సంతానం అంచులకు పోవుగాక’ అని శపించాడట. వాళ్లే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు, దస్యుల్లో ఎక్కువమంది. తెలుగులో రాక్షసజాతి గురించి రాసే నువ్వూ నేనూ ఆ శాపం సంతానమే!

నేనూ తక్కువ తినలేదు. మొదట్లో ఒక కథ రాశాను, కొండ మీద నరమాంసం తినే జాతి. నల్లగా, పొట్టిగా, చప్పిడి ముక్కులతో వర్ణించాను, బాగా వచ్చిందని మురిసిపోయాను కూడా. అచ్చయిన నెలకు ఏజెన్సీ ఊరి నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. ‘మా అమ్మ మీరు రాసినట్టే ఉంటుంది. ఆమె చేపలు కూడా తినదు’ అని రెండు వాక్యాలు. ఆ కథను ఏ సంపుటిలోనూ వేయలేదు. కార్డు మాత్రం దాచుకున్నాను.

నీ కరాళులకు ఒక పుట్టుక వెతుకు. శాపమో మంత్రమో కాదు, చుట్టరికం. జార్జ్ మెక్డోనాల్డ్ 1872 నాటి పిల్లల నవలలో గాబ్లిన్లు అనే వికార భూతాలు ఒకప్పుడు నేల మీద మనుషుల్లాగే బతికినవాళ్లు. రాజు పన్నులు మోపలేనంత వేశాడనో, కఠినంగా చూశాడనో అలిగి భూమిలోకి దిగిపోయారని జనం చెప్పుకుంటారు. శిస్తు కట్టలేక రాత్రికి రాత్రే ఊరొదిలి అడవిపట్టిన కుటుంబాలు మన తాతల కథల్లో లేవూ? హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘టైమ్ మెషీన్’ నవలలో నేల కింద బతికే మోర్లాకులు కూడా అంతే, తరతరాలుగా నేల కింద యంత్రాల దగ్గర పనిచేసి అలా మారిన కూలీల సంతానం.

మన పురాణాల్లో ఈ చుట్టరికం ఇంకా చిక్కన. దేవతలకూ దైత్యులకూ తండ్రి ఒక్కడే, కశ్యపుడు. రావణుడు పులస్త్యుడి మనవడు, కుబేరుడికి తమ్ముడు. ఉత్తరకాండ ప్రకారం బ్రహ్మ నీళ్లను పుట్టించి, కాపాడమని కొన్ని ప్రాణులకు అప్పగిస్తే, ‘రక్షిస్తాం’ అన్నవాళ్లు రాక్షసులయ్యారు. కాపలావాళ్లన్నమాట! ఆ ఒక్క ముక్కలో నీ నవలకు సరిపడా సరుకుంది, కరాళులు ఆ వాగుకు కాపలా ఉన్నారనుకో.

చుట్టరికం ఉంటే అంతా సుఖాంతమని కాదు. ఘటోత్కచుడు భీముడి కొడుకు, పాండవుల తరఫున పోరాడి చచ్చాడు. అందరూ ఏడుస్తుంటే ద్రోణపర్వంలో కృష్ణుడు సంతోషంతో గంతులేశాడు. కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేది, యజ్ఞద్వేషి అన్నాడు. అక్కడ ఆగి చాలాసేపు ఆలోచించు. అదే ఘటోత్కచుణ్ణి 1957లో పింగళి నాగేంద్రరావు, ఎస్వీ రంగారావు కలిసి మన భోజనం బల్ల దగ్గరికి తెచ్చేశారు. ‘మాయాబజార్’లో అసమదీయులు, తసమదీయులు అన్న మాటలు ఎవరి నోట పుట్టాయో గుర్తుందా? రాక్షసుల ఆశ్రమంలో. మనం, పరాయివాళ్లు అని గీత గీసే పని వాళ్లూ చేసుకుంటున్నారు, వాళ్ల వైపు నుంచి.

అందుకే అడుగుతున్నాను, కరాళులు తమను తాము ఏమని పిలుచుకుంటారు? ‘మేం భయంకరమైన కోరలవాళ్లం’ అని ఏ జాతీ పేరు పెట్టుకోదు కదా. నీ వీరుడి జాతిని వాళ్లేమంటారు? తొమ్మిదో శతాబ్దంలో రింబర్ట్ అనే మతప్రచారకుడు కుక్కతలలవాళ్లు ఆదాము సంతానమేనా అని అడిగితే, కోర్బీ మఠంలోని రాట్రామ్నుస్ అనే సన్యాసి తీరిగ్గా ఉత్తరం రాశాడు. ఊళ్లు కట్టుకుంటారు, పొలం దున్నుతారు, సిగ్గుతో బట్ట కట్టుకుంటారు, పశువుల్ని సాకుతారు, కాబట్టి మనుషులే అని. మొరిగితే మొరిగారు! నీ రెండొందల పేజీల్లో కరాళులకు ఒక్క పొయ్యి లేదు, ఒక్క గొడ్డు లేదు. గుహలో ఎముకలున్నాయి, వండిన కుండలు లేవు.

వాళ్లను మంచివాళ్లను చేయమనడం లేదు, అది ఇంకా విసుగు. వాళ్ల కంపు ఉంచు, అది బాగా రాశావు. వాళ్ల దాడులూ ఉంచు. ‘పుట్టుకతోనే దుర్మార్గులు’ అన్న ఆ వాక్యం కొట్టేసి, వాళ్లు వాగు దగ్గరికి ఎందుకు వచ్చారో నీకు తెలిసేదాకా ముందుకు పోకు. పాఠకుడికి చెప్పకపోయినా ఫరవాలేదు.

ఎనభై ఎనిమిదో పేజీలో గుహ లోపల పసిపిల్ల ఏడుపు వినబడుతుంది, వీరుడు గుర్రం తోలుకుని వెళ్లిపోతాడు. తర్వాత ఆ పిల్ల ఊసే లేదు. మరిచిపోయావో, భయపడ్డావో నాకు తెలియలేదు. రెండో ప్రతి పంపేటప్పుడు ముందు ఆ అధ్యాయం పంపు, ఈసారి పెద్ద అక్షరాల్లో.

అక్క